ఇతరములు

గుణుపురంలో మంగళవారం సంత.
మంగళవారమే మా తపాలా ఆఫీసులో పింఛన్ల పని.
యంత్రం మీద ముద్ర పడని ముసలి వేళ్లని
తడిగుడ్డతో తుడిచి తుడిచి
నేను బయటపడేసరికి
సంతలో మిగిలేది తొక్కిన కొత్తిమీర, మేకల వాసన.

అందుకని బుధవారం
పొట్నూరు గురుమూర్తి కొట్టుకి వెళ్లాను.
కొట్టు అనకూడదిప్పుడు.
గాజు తలుపు పెట్టారు, లోపల చలి పెట్టారు.
నా సంచీని గుమ్మం దగ్గరే గూట్లో పెట్టించుకుని
టోకెను ఇచ్చారు, పదిహేడు.

ఓట్స్ మూడు రకాలు. నూడుల్స్ ఒక గోడంతా.
చోడిపిండి కూడా ఉంది, కాదనను:
మెరిసే ప్యాకెట్లో, కిలో నూట నలభై.
పైన నవ్వుతున్న అమ్మాయి
ఈ జిల్లాలో ఎక్కడా కనబడే అమ్మాయి కాదు.
వెనక్కి తిప్పితే, ప్యాకింగ్ ఇండోరు.
మన కొండ దిగిన చోళ్లే కావచ్చు,
లారీ ఎక్కి అంతదూరం పోయి
చొక్కా తొడుక్కుని తిరిగొచ్చినట్టున్నాయి.
పలకరించాను. గుర్తుపట్టలేదు.

నాక్కావలసింది చోళ్లు కాదు.
జ్వరం తగ్గాక నోటికి ఏదీ తెలియడం లేదు.
అన్నం సున్నం, పప్పు సున్నపు తేట.
మొన్న రాత్రి నాలిక వెనకాల ఎక్కడో
ఒక పులుపు వచ్చి తలుపు తట్టింది:
ఎండు వెదురుకొమ్ము.
వానల్లో కోసి, తరిగి, పులియబెట్టి, ఎండబెడితే
గోధుమరంగు పీచై మిగిలేది.
మా ఇంట్లో దాన్ని డాబా మీదే వండనిచ్చేవారు.
'చచ్చిన ఎలక' అనేది మా మేనత్త ముక్కు మూసుకుని;
రెండోసారి గిన్నె చాచేదీ ఆవిడే.

ఏ వరసలో ఉంటుందది?
మసాలాలా? పచ్చళ్లా?
యూనిఫాం కుర్రాణ్ణి తెలుగులో అడిగాను, వెదురుకొమ్ములని.
చీపురు తెచ్చాడు.
ఒడియాలో అడిగాను, హెందువ అని.
స్టాకు అయిపోయిందన్నాడు,
ఎన్నడూ లేనిదానికి కూడా అదే మాట.

వెనక, మెట్ల కింద, ప్లాస్టిక్ కుర్చీలో గురుమూర్తి.
కుర్చీ వెనక నాలుగు గోనెలు.
నన్ను చూసి మాట్లాడలేదు,
ముక్కు రెండుసార్లు ఎగబీల్చాడు, అదేనా అన్నట్టు.
అదే అని తలూపాను.

మొదటి గోనెలో కొండసామలు.
రెండోదాన్లో వలిసెలు, నల్లగా, చీమల్లా.
మూడోదాన్లో చెయ్యి మోచేతిదాకా దించాను
చిన్నప్పట్లాగే. అప్పుడు తిట్టేవాడు.
బొబ్బర్లు చల్లగా వేళ్ల సందుల్లోంచి జారాయి.
నాలుగోదాని మూతి విప్పనక్కర్లేకపోయింది.

'అడిగినోళ్లకే,' అన్నాడు.
'అలమార్లో పెడితే మావోడు ఒప్పుకోడు, వాసనట.
ఈ నెల్లో నువ్వు మూడోవోడివి.'
పాత పేపర్లో కట్టాడు.
దారం పళ్లతో తెంపాడు.

బిల్లు దగ్గర అమ్మాయి, చొక్కా మీద పేరు సుగంతి సబర.
గీతల్లేని పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది.
ఎర్రకాంతి దాని మీద కాసేపు పాకి
ఏమీ దొరక్క ఆగిపోయింది.
తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఒకటి,
ఈ పిల్ల ఇంట్లో సవరలో ఇంకోటి ఉండే ఉంటుంది;
కంప్యూటర్లో ఒక్కటీ లేదు.
తల వంచి వాసన చూసింది.

'మా పుట్టాసింగి వైపుది,' అంది.
'మా పిన్ని ఆరబెట్టిందే అయినా అవ్వచ్చు.'
'వాసనకే తెలుస్తుందా?'
'కవరు చూస్తే చేతిరాత ఎవరిదో మీకు తెలీదా?'

బిల్లులో సబ్బు, టీపొడి, అగ్గిపెట్టె,
కంపెనీ పేర్లతో, బరువులతో సహా.
ఆఖరి వరసలో ఒడియాలో: అన్యాన్య.
అంటే ఇతరములు. ఒకటి. నలభై రూపాయలు.
ఈ ఊళ్లో ఏదో ఒక ఫారం నింపుతూ
మాతృభాష గడిలో నేనూ చాలాసార్లు టిక్కు పెట్టిన మాటే.

పదిహేడు తిరిగిచ్చి, సంచీ తీసుకుని
గాజు తలుపు తోస్తుంటే
వెనకనించి కేకేసింది,
లైన్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా:

'నానేసిన నీళ్లు పారబొయ్యకండి.
అందరూ పారబోస్తారు.'